ఊరు మారితే చవకయ్యేది చీరే, కుట్టుకూలి కాదు

ఈ మధ్య ఒక పెళ్లిలో, భోజనాల వరుసలో కూర్చున్నప్పుడు, మా పెదనాన్నగారి అబ్బాయి నాతో ఒక మాట అన్నారు. "ఈ ఫ్లాట్ అమ్మేసి హన్మకొండకు పోత తమ్మీ, ఆడ డూప్లెక్స్ కట్టినా సగం పైసలు బ్యాంకుల ఉంటయి." ఈ మాట వినడం నాకిది మొదటిసారి కాదు. ఊరి పేరు మాత్రం మారుతూ ఉంటుంది: ఒకరు విజయనగరం అంటారు, ఒకరు ఖమ్మం అంటారు, బెంగళూరులో ఉన్నవారు అనంతపురం అంటారు. లెక్క మాత్రం అందరిదీ ఒకటే, తప్పు కూడా ఒకటే. అన్నయ్య ముందు ప్లేటులో పాయసం చల్లారిపోతున్నా వదలకుండా నేను ఆ రోజు చెప్పిన విషయాన్నే ఈ వీడియోలో చెబుతాను.

ముందుగా ఒక చీరను ఊహించుకోండి. ఇరవై వేల రూపాయల పట్టుచీర కొన్నా, ఎనిమిది వందల నూలుచీర కొన్నా, దాని మీదికి జాకెట్టు కుట్టించడానికి దర్జీ తీసుకునే కూలి ఇంచుమించు ఒకటే. లైనింగు గుడ్డ, ఫాల్, పీకో ఖర్చులు కూడా చీర ధరను చూసి తగ్గవు. ఇల్లు కూడా సరిగ్గా ఇలాంటిదే. నేల చీర, కట్టడం కుట్టుకూలి. హైదరాబాద్ వదిలి మరో ఊరికి వెళ్తే చీర చవకవుతుంది, కుట్టుకూలి కాదు.

సిమెంటు బస్తాకు హన్మకొండలో వేరే ధర ఉండదు. 2025 సెప్టెంబరు 22న సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు రెండు ఊళ్లలోనూ ఒకే రోజున తగ్గింది. ఇనుము, టైల్స్, వైరు, పైపులు, కిటికీల అల్యూమినియం అన్నీ అంతే. మేస్త్రీ కూలిలో కొంత తేడా ఉండవచ్చు గానీ, టైల్స్ పరిచేవారు, చెక్కపని చేసేవారు చాలాచోట్ల రాజస్థాన్, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన పనివారే కాబట్టి, వారికి ఏ ఊరైనా ఒకటే రేటు.

[తెరపై: ఫ్లాట్ ప్లాను. పక్కన కొలత టేపు.]

ఇప్పుడు అన్నయ్య ఫ్లాట్‌ను విప్పి చూద్దాం. కూకట్‌పల్లి దాటాక ఉన్న ఒక అపార్ట్‌మెంటులో 1,200 చదరపు అడుగుల ఫ్లాట్ అనుకోండి. ఈ 1,200 అనేది సూపర్ బిల్టప్ ఏరియా, అంటే మెట్లు, లిఫ్టు, వరండాల్లో మీ వంతును కూడా కలిపి చెప్పిన సంఖ్య. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, ఇంటి లోపల మనం వాడుకునే కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది: లోపలి గోడలు లెక్కలోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీలు, పైపులు వెళ్లే షాఫ్టులు రావు. మేము ఉన్న ఫ్లాట్ బ్రోచరులో కూడా 1,200 అనే ఉండేది. ఒక ఆదివారం మా అమ్మ టేపు ఒక కొస పట్టుకోగా నేను గది గదినీ కొలిస్తే 860 తేలింది. భోజనాల బల్లకు ఆరు కుర్చీలు కొన్నాము. వాటిలో రెండు తొమ్మిదేళ్లూ మంచం వెనుక మడిచే ఉన్నాయి. అందుకని పెద్ద ఇల్లు కావాలనే కోరికను నేను ఎగతాళి చేయడం లేదు. ఆవకాయ జాడీలు బాల్కనీలో వాషింగ్ మెషిన్ మీద పెట్టుకుని బతికిన ఇంట్లోనే నేనూ పెరిగాను.

ఇంతకంటే ముఖ్యమైన సంఖ్య దస్తావేజులో ఉంటుంది, దానిని ఎవరూ చదవరు. "అవిభాజ్యపు వాటా" అని రాసి ఉంటుంది. వ్యాపారులు దానిని యూడీఎస్ అంటారు. ఆ అపార్ట్‌మెంటు నిలబడిన నేలలో మీకు దక్కిన గజాలు అవి. అన్నయ్యది 40 గజాలు. లెక్క సులువుగా సాగడానికి ఆ ప్రాంతంలో గజం 70,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు ఆయన ఫ్లాట్ కింద ఉన్న నేల విలువ 28 లక్షలు. ఫ్లాట్ 72 లక్షలకు అమ్ముడవుతుందని అనుకుంటే, మిగిలిన 44 లక్షలు కట్టడానిది, లిఫ్టుది, పార్కింగుది, బిల్డరు లాభానిది. అంటే 72 లక్షల్లో చీర 28 లక్షలే, మిగతాది కుట్టుకూలి.

హన్మకొండ శివారులో గజం 15,000 అనుకోండి. అదే 40 గజాలు అక్కడ 6 లక్షలకు వస్తాయి. ఊరు మారడం వల్ల నిజంగా మిగిలేది ఈ 22 లక్షలే. అన్నయ్య లెక్కలో సగం డబ్బు, అంటే 36 లక్షలు బ్యాంకులో ఉండాలి. ఆ మిగతా 14 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే, ఆయన పాయసం వైపు చూశారు.

అసలు చిక్కు ఇంకా ముందుంది. హన్మకొండ వెళ్లి ఎవరూ 40 గజాలు కొనరు. 200 గజాలు కొంటారు. అంటే చీర చవకైందని తెలిసి ఒకటికి బదులు ఐదు చీరలు కొంటున్నారు, ఆ ఐదింటికీ జాకెట్లు కుట్టించబోతున్నారు. కుట్టుకూలి తగ్గకపోగా, కుట్టాల్సింది పెరిగింది.

[తెరపై: నల్లబల్ల మీద సుద్దతో లెక్క]

200 గజాలు, గజం 15,000 చొప్పున 30 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అన్నీ కలిపి దాదాపు ఏడున్నర శాతం కాబట్టి, 2 లక్షల 25 వేలు. దాని మీద 2,000 చదరపు అడుగుల ఇల్లు, మెటీరియల్‌తో కలిపి అడుగుకు 2,000 రూపాయల చొప్పున 40 లక్షలు. ఇంతవరకు మొత్తం 72 లక్షల 25 వేలు. ఫ్లాట్ అమ్మిన డబ్బు ఇక్కడికే అయిపోయింది, ఇంటికి ఇంకా గేటు లేదు.

ఆ గేటు సంగతే ఇక ఫాల్, పీకో. కాంట్రాక్టరు చెప్పే అడుగు రేటులో సాధారణంగా ప్రహరీ ఉండదు, బోరు ఉండదు, సంపు ఉండదు, రోడ్డు మట్టానికి పైన బేస్‌మెంట్ లేపడానికి నింపే మొరం ఉండదు. నేల నల్లరేగడి అయితే అది తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది కాబట్టి పునాది ఇంకా లోతుకు వెళ్లాలి. అది వేరే లెక్క. కోతుల సంగతి నేను నవ్వులాటకు చెప్పడం లేదు. తెలంగాణ ఊళ్లలో కొత్తగా ఇల్లు కట్టినవారిని అడగండి: వెనుక వాకిలికీ, పైన బట్టలు ఆరేసే చోటుకూ ఇనుప జాలీ పెట్టించని ఇల్లు ఎన్ని రోజులు నిలిచిందో వారు చెబుతారు. ఇవన్నీ కలిపి 6 లక్షలు వేద్దాం. ఇల్లు పూర్తయ్యేవరకు పన్నెండు నెలలు అద్దె ఇంట్లో ఉండాలి, నెలకు 12,000 చొప్పున 1 లక్షా 44 వేలు.

మొత్తం 79 లక్షల 69 వేలు. చేతికి వచ్చింది 72. కాబట్టి బ్యాంకులో మిగలడం అటుంచి, ఏడున్నర లక్షలకు పైగా బ్యాంకు నుంచే తేవాలి. పాత ఫ్లాట్ మీద అప్పు ఇంకా ఉంటే అది ముందే తీసేసుకోవాలి.

దీనివల్ల వెళ్లకూడదని అర్థం చేసుకోకండి. వ్యాఖ్యల్లో నన్ను హైదరాబాద్ బిల్డర్ల మనిషి అనబోయేవారికి ముందే చెబుతున్నాను. ఇదే 200 గజాలు కూకట్‌పల్లి వైపు కొనాలంటే నేలకే కోటీ 40 లక్షలు కావాలి. 860 అడుగుల్లో ఉన్న కుటుంబం 2,000 అడుగుల్లోకి, వాకిట్లో జామచెట్టు నీడలోకి, దాదాపు అదే డబ్బుతో వెళ్లగలుగుతోంది. అది చిన్న లాభం కాదు. నాకు చిరాకు కలిగించేది ఒక్కటే: అదే రూపాయిని పెద్ద ఇంట్లో ఒకసారి, బ్యాంకు పాసుపుస్తకంలో మరొకసారి లెక్కపెట్టడం.

డబ్బే మిగలాలంటే ఇల్లు పెరగకూడదు. అదే అన్నయ్య 120 గజాలు కొని 1,200 అడుగులు కట్టుకుంటే, నేల 18 లక్షలు, రిజిస్ట్రేషన్ 1 లక్షా 35 వేలు, కట్టడం 24 లక్షలు, బయటి పనులు 5 లక్షలు, అద్దె 1 లక్షా 44 వేలు, మొత్తం 49 లక్షల 79 వేలు. మిగిలేది 22 లక్షల పైచిలుకు. ఇందాక చీర దగ్గర తేలిన సంఖ్య కూడా ఇంచుమించు అదే, చూశారా? నేను ఎంచుకున్న అంకెల వల్ల రెండూ ఇంత దగ్గరగా కలిశాయి; మీ దస్తావేజులోని గజాలు, మీ ఊరి ధరలు వేసి మీరే మళ్లీ గుణించుకోండి. ఆంధ్రప్రాంతంలో ధర సెంట్లలో చెబితే, సెంటు 48.4 గజాలు, తెలంగాణలో గుంటల్లో చెబితే, గుంట 121 గజాలు.

ఇప్పటికే చాలాసేపు మాట్లాడాను కాబట్టి మిగిలినవి కాస్త వేగంగా చెబుతాను.

పన్ను విషయంలో అందరూ చెప్పేది "వచ్చిన డబ్బంతా కొత్త ఇంట్లో పెట్టకపోతే పన్ను పడుతుంది" అని. అది తప్పు. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే, 1961 ఆదాయపన్ను చట్టంలో 54వ సెక్షన్ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు ప్రకారం, పెట్టాల్సింది లాభాన్నే. అన్నయ్య 2016లో 42 లక్షలకు కొని 72కు అమ్మితే లాభం 30 లక్షలు. ఆ 30 లక్షలు కొత్త ఇంటికి పెడితే చాలు. పాత ఇల్లు 24 నెలలకు మించి మన చేతిలో ఉండాలి. కట్టిన ఇల్లు కొనేట్లయితే అమ్మకానికి ముందు ఏడాదిలోగానీ, తరువాత రెండేళ్లలోగానీ కొనాలి. కట్టుకునేట్లయితే మూడేళ్లు గడువు ఉంది. ప్లాటు ధర కూడా కట్టడం ఖర్చులో కలుస్తుంది, కానీ ఉత్త ప్లాటు కొని వదిలేస్తే మినహాయింపు రాదు. రిటర్న్ వేసే గడువులోగా ఖర్చు కాని సొమ్మును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే కుదరదు. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మకూడదు.

మినహాయింపు ఏదీ వాడుకోకపోతే 12.5 శాతం చొప్పున 3 లక్షల 75 వేలు పన్ను. అయితే 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి కాబట్టి, భారతదేశంలో నివసించేవారు పాత పద్ధతిలో ద్రవ్యోల్బణాన్ని సర్దుబాటు చేసి 20 శాతం లెక్క కూడా వేసుకోవచ్చు. 2025-26లో అమ్మారనుకుంటే ఆ పద్ధతిలో సుమారు 2 లక్షల 44 వేలు వస్తుంది; రెండింటిలో తక్కువది కడితే సరిపోతుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడి ఫ్లాట్ అమ్మేవారికి ఈ వెసులుబాటు లేదు, కొనేవారు ధరలో ఒక్క శాతమే టీడీఎస్‌గా, అంటే ముందస్తు పన్నుగా కోసుకునే నియమం కూడా వారికి వర్తించదు. వారు ముందుగానే ఆడిటరును కలవడం మంచిది.

ఉద్యోగం హైదరాబాద్‌లోనే ఉంటే, సికింద్రాబాద్ నుంచి హన్మకొండ పక్కనే ఉన్న కాజీపేటకు రైలులో 132 కిలోమీటర్లు. వారానికి రెండు రోజులు ఆఫీసు అయితే సాగుతుంది, ఐదు రోజులు అయితే సాగదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి హైదరాబాద్ నుంచి వరంగల్‌కు బదిలీ చేయించుకుంటే, 2024 జనవరి నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఇంటి అద్దె భత్యం మూల వేతనంలో 30 శాతం నుంచి 20 శాతానికి పడిపోతుంది. ఇది కూడా కుట్టుకూలిలో కలపండి.

ప్లాటు కొనేటప్పుడు లేఅవుటుకు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) గానీ, పట్టణ ప్రణాళిక శాఖ (డీటీసీపీ) గానీ అనుమతి ఇచ్చిందో లేదో చూడండి. లేకపోతే అనుమతి లేని లేఅవుటును క్రమబద్ధీకరించుకునే ఎల్‌ఆర్‌ఎస్ రుసుము మీ నెత్తిన పడుతుంది, అప్పటివరకు ఇంటి అనుమతి రాదు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి ప్రతి ప్లాటూ "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే" అయిపోయింది. ఆ పది నిమిషాల దారిలో మీరే ఒకసారి బండి మీద వెళ్లి రండి.

చివరగా చెరువు. వరంగల్, హన్మకొండ కాకతీయుల కాలం నుంచి చెరువుల ఊళ్లు. ఒక చెరువు నిండి మరో చెరువుకు నీరు పారే గొలుసుకట్టు దారులను ఆక్రమించి కాలనీలు లేచిన చోట్లే 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ ఇళ్లు మునిగాయి. కాగితాల మీద ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు చూడండి, ఆ తరువాత ప్లాటు దగ్గరికి వెళ్లి చుట్టుపక్కల గోడలు చూడండి. అన్నయ్య మెచ్చిన ప్లాటుకు నేనూ వెళ్లాను. పక్కింటి ప్రహరీకి కొత్తగా రంగు వేశారు, నడుము ఎత్తు వరకే.