పాత సినిమా పోస్టర్ల వేలం: తనిఖీ సామాను రివ్యూ, ఏది కొనాలి, ఏది దండగ

నమస్కారం అండీ. టేబుల్ మీద చూస్తున్నారుగా: పదింతలు చూపే భూతద్దం, ముప్ఫై ఇంతలు చూపే ఇంకో భూతద్దం, రెండు యూవీ (అతినీలలోహిత కిరణాల) టార్చీలు, ఒక మామూలు ఎల్‌ఈడీ టార్చి, స్టీలు టేపు. వీటి పక్కన 1950ల నాటి అమెరికన్ వన్ షీట్ పోస్టరు, అంటే అక్కడి థియేటర్లకి పంపే మామూలు సైజుది. వెనక లినెన్ వేసింది, అంటే కాగితం నిలవడానికి వెనక బట్ట అతికించింది. పాత పోస్టర్లు వేలంలో కొనాలనుకునేవాళ్లకి ఈ సామానులో నిజంగా అక్కరకొచ్చేది ఏదో, ఎందుకో ఇవాళ చూద్దాం.

ముందు ఒక మాట ఖాయం చేసుకుందాం. రిపేరు జరిగిన పోస్టరు కొనడంలో తప్పేమీ లేదు. డెబ్భై, ఎనభై ఏళ్ల కాగితం, అదీ థియేటర్ బయట అతికించడానికి వేసింది, చెక్కు చెదరకుండా దొరికితే అదే వింత. రిపేరు సంగతి చెప్పి అమ్మితే ధర దాన్నిబట్టి ఉంటుంది. చెప్పకుండా అమ్మితే, మీరు కొత్త రంగుకి పాత కాగితం ధర ఇచ్చినట్టు. ఈ సామానంతా ఆ తేడా పట్టుకోవడానికే.

మొదట టేపు, ఎందుకంటే అరనిమిషంలో సగం అనుమానాలు తేలిపోతాయి. అమెరికన్ వన్ షీట్ అంటే 1980ల నడిమి దాకా 27 అంగుళాలు, 41 అంగుళాలు. ఆ తర్వాత వచ్చినవి 27, 40. మీ చేతిలో ఉన్నది 1955 సినిమాదని చెప్పి 24, 36 కొలత వస్తే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, అది దుకాణాల్లో గోడలకి అమ్మే కాపీ సైజు. పావు అంగుళం అటూ ఇటూ ఉంటే కంగారు పడొద్దు. లినెన్ వేసినప్పుడు కాగితం తడుస్తుంది, తడిస్తే కొద్దిగా సాగుతుంది, అందుకే లినెన్ పోస్టర్లు ఒక్కోసారి కాస్త పెద్దగా కొలుస్తాయి. అదే అర అంగుళానికి మించి తగ్గిందంటే అంచులు కత్తిరించారని అర్థం, ధర బాగా పడిపోతుంది. ఒకటే జాగ్రత్త: టేపుని కాగితం మీద ఈడ్చకండి, దాని అంచు గీత పెడుతుంది. పక్కన పెట్టి కొలవండి. మిగతా సైజుల పోస్టర్ల కొలతలు కూడా చెప్తాను: ఇన్సర్ట్ 14, 36. హాఫ్ షీట్ 22, 28. థియేటర్ లోపల పెట్టే లాబీ కార్డు 11, 14. ఈ నాలుగు కొలతలు నోటికి వస్తే చాలు.

కొలిచే చోటే కింద కుడి మూల చూడండి. ఉదాహరణకి 61 అని, ఒక గీత, తర్వాత ఇంకో అంకె ఉంటాయి. నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ 1940 నుంచి అమెరికాలో పోస్టర్ల పంపిణీ చూసుకుంది, ఆ నంబరు వాళ్లదే. మొదటి రెండంకెలు సంవత్సరం. ముందు ఆర్ అక్షరం ఉంటే సినిమా మళ్లీ విడుదలైనప్పుడు వేసిన పోస్టరు. ఇందులో చాలామంది పట్టించుకోని ఉపయోగం ఒకటుంది: 1930ల సినిమా పోస్టరు మీద ఈ నంబరు కనిపిస్తే అది తొలి విడుదలది కానే కాదు, ఎందుకంటే అప్పటికి ఆ నంబర్లే లేవు. గాన్ విత్ ద విండ్ 1939 సినిమా. మంటల ముందు హీరో హీరోయిన్‌ని ఎత్తుకున్న బొమ్మ అందరి కళ్లలోనూ ఉంటుంది కదా, అది 1967 మళ్లీ విడుదలకి గీసింది. అది కూడా అసలైన పోస్టరే, మంచి పోస్టరే. కానీ 1939 పోస్టరు అని పాట పెడితే మాత్రం డబ్బు పోయినట్టే. ఇక నంబరు లేనంత మాత్రాన నకిలీ అనేయకండి. అన్ని స్టూడియోలూ అన్నేళ్లూ ఈ సంస్థ ద్వారానే పంపలేదు.

ఇప్పుడు భూతద్దాలు. ముప్ఫై ఇంతలది కొనకండి. బొమ్మ పెద్దగా కనిపిస్తుంది నిజమే, కానీ ఒకేసారి కనిపించేది చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, చెయ్యి కాస్త వణికితే ఫోకస్ పోతుంది, అంచుల్లో రంగులు విడిపోయి లేని తేడాలు ఉన్నట్టు భ్రమ పెడతాయి. పదింతలది, మూడు కటకాలు కలిపి చేసింది తీసుకోండి. మనకి కావలసింది చుక్కల వరుస కనిపించడం, అంతే.

దీంతో ఏం చూడాలంటే, పోస్టరు కింద ఉండే చిన్న అక్షరాలు. నటులు, సాంకేతిక నిపుణుల పేర్లు. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన అసలు పోస్టర్లో బొమ్మ నాలుగు రంగుల చుక్కలతో ఉంటుంది, ఆ చుక్కలు కలిసి చిన్న చిన్న పువ్వుల్లా అమరుతాయి. నల్లని అక్షరాలు మాత్రం చుక్కలు లేకుండా నిండుగా ఉంటాయి, అంచు తెగినట్టు ఉంటుంది. కాపీలో ఏమవుతుందంటే, అసలు పోస్టరుని స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తారు. అప్పుడు అక్షరం కూడా బొమ్మలో భాగమైపోయి చుక్కలుగా విరిగిపోతుంది, అంచు నూగుగా కనిపిస్తుంది. పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి, రంగు నిండిన చోట అలల్లాంటి చారలు కూడా వస్తాయి. ఇంక్‌జెట్ కాపీ అయితే చుక్కలకి వరుసే ఉండదు, చల్లినట్టు ఉంటాయి. 1930ల దాకా చాలా వన్ షీట్లు రాతి అచ్చులో, అంటే రాతి పలక మీద బొమ్మ గీసి, వేశారు. వాటిలో బొమ్మకి కూడా క్రమమైన చుక్కలుండవు, క్రేయాన్‌తో గీసిన గరుకు కనిపిస్తుంది. రాతి అచ్చు అని చెప్పిన పోస్టరులో పువ్వుల్లా అమరిన చుక్కలు కనిపిస్తే మాట్లాడకుండా పక్కన పెట్టేయండి.

ఈ భూతద్దం ఒక్కటీ కొంటే మిగతావి ఆలస్యమైనా ఫర్వాలేదు. కంప్యూటర్‌కి తగిలించే డిజిటల్ మైక్రోస్కోప్ గురించి అడుగుతుంటారు. అమ్మేవాళ్లకి ఫొటోలు పెట్టడానికి బాగుంటుంది, కొనేవాళ్లకి అవసరం లేదు.

మామూలు ఎల్‌ఈడీ టార్చిని తక్కువగా చూడకండి. గది చీకటి చేసి, పోస్టరుకి పక్కనుంచి, దాదాపు కాగితాన్ని ఆనించినంత కిందనుంచి వెలుగు వేయండి. పాత వన్ షీట్లు మడతపెట్టే పంపేవారు: అడ్డంగా మూడు మడతలు, నిలువుగా ఒకటి, మొత్తం ఎనిమిది గళ్లు. ఏటవాలు వెలుగులో ఆ మడతలు నీడ పడి పొంగినట్టు కనిపించాలి. కొన్ని కాపీల్లో మడత గీతలు కూడా స్కాన్‌లో వచ్చేసి ఉంటాయి. పైనుంచి చూస్తే మడత ఉన్నట్టే ఉంటుంది, పక్క వెలుగులో చూస్తే అక్కడ కాగితం నున్నగా ఉంటుంది. లినెన్ వేసిన పోస్టర్లో మడతలు చాలావరకు అణిగిపోతాయి, కాబట్టి దానికి ఈ పరీక్ష వేరేలా వాడాలి. అడ్డ మడత, నిలువు మడత కలిసే మూడు చోట్లే ముందు చిరుగుతాయి. అక్కడ వెలుగు వేస్తే అతుకు వేసిన కొత్త కాగితం అంచు మెట్టులా తేలుతుంది.

ఇక యూవీ టార్చీలు. వాటి కిరణాల తరంగదైర్ఘ్యం చూస్తే, ఇందులో ఒకటి 395 నానోమీటర్లది, ఇంకోటి 365ది. 395 చవగ్గా దొరుకుతుంది. కానీ దాని ఊదా వెలుగే కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాగితం నుంచి వచ్చే సన్నని మెరుపు అందులో మునిగిపోతుంది. 365ది, ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది కొనండి. యూవీ అడ్డుకునే కళ్లద్దాలు పెట్టుకోండి, టార్చిని ఒకే చోట నిమిషాల తరబడి ఉంచకండి, పాత రంగులకి ఆ వెలుతురు మంచిది కాదు.

కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే బ్రైటెనర్లు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది 1950 ప్రాంతం నుంచి. అందుకని 1935 పోస్టరు ముందు వైపు యూవీలో నీలంగా భగ్గుమంటే అది కొత్త కాగితం. వెనక ఉన్న లినెన్ బట్ట మెరిస్తే లెక్కలోకి తీసుకోకండి, అది ఎలాగూ కొత్తదే. రిపేరు కూడా ఇందులోనే బయటపడుతుంది. టైటానియం తెలుపు కలిపిన రంగు యూవీని పీల్చుకుని నల్లమచ్చలా కనిపిస్తుంది, జింక్ తెలుపు పచ్చగా మెరుస్తుంది. ఇదిగో, టేబుల్ మీది పోస్టరు తెల్లటి అంచు మామూలు వెలుగులో శుభ్రంగా ఉంది. యూవీ వేయగానే కింది అంచు పొడవునా నల్లని పట్టీ వచ్చింది. అంటే అంచంతా కొత్తగా రంగు వేశారు. వేలం వివరాల్లో అంచుల టచప్ అని రాసి ఉంటే సరే, స్వల్పంగా అని రాసి ఇంత ఉంటే ప్రశ్న వేయాల్సిందే.

మెరవలేదు కాబట్టి అసలుదే అనుకోవడం పెద్ద పొరపాటు. 1931 నాటి డ్రాక్యులా వన్ షీట్‌ని హెరిటేజ్ ఆక్షన్స్ అనే వేలం సంస్థ 2017లో 5,25,800 డాలర్లకి అమ్మింది. ఇలాంటి ధరలున్న చోటికి మోసం కూడా వస్తుంది. పాత హారర్ సినిమాల పోస్టర్లు, లాబీ కార్డుల నకిలీల వ్యవహారం అమెరికాలో 2009లో బయటపడి ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. పాత కాగితం మీదే కొత్తగా అచ్చు వేస్తే యూవీ టార్చి ఏమీ చెప్పలేదు. అచ్చుని చూడాలి, అంటే మళ్లీ భూతద్దమే.

ఆన్‌లైన్ వేలంలో పోస్టరు మన చేతిలో ఉండదు కదా అంటారు. అందుకే అడగాలి. వెనక వైపు ఫొటో, పక్క వెలుగులో ఫొటో, యూవీలో ఫొటో, కింది మూల నంబరు దగ్గరగా, చిన్న అక్షరాలు దగ్గరగా. లినెన్ వేసినదైతే వేయకముందు తీసిన ఫొటో తప్పకుండా అడగండి. శ్రద్ధగా పనిచేసే రిస్టోరర్లు, అంటే పోస్టర్లు బాగుచేసేవాళ్లు, అది తీసి ఉంచుతారు. ఏం వాడి అతికించారో కూడా అడగండి. జపనీస్ పల్చటి కాగితం, దాని వెనక కాటన్ బట్ట, గోధుమ గంజి జిగురు అయితే నీళ్లతో మళ్లీ విప్పుకోవచ్చు. వేడితో బోర్డుకి అతికించే డ్రై మౌంటింగ్ అయితే విప్పడం చాలా కష్టం, దానికి పాట పెట్టొద్దనే నా సలహా.

పాట లెక్క వెనక నుంచి వేసుకోండి. మీ దగ్గర 2,500 డాలర్లున్నాయి, కొనుగోలుదారు ప్రీమియం, అంటే పాట ధర మీద వేలం సంస్థ అదనంగా తీసుకునేది, 25 శాతం, రవాణాకి 100 అనుకోండి. 2,400ని 1.25తో భాగిస్తే 1,920. మీ ఆఖరి పాట అది, 2,500 కాదు. దిగుమతి సుంకం ఉంటే అది కూడా ముందే తీసేయాలి.

అమ్మేవాళ్లకి కొన్ని మాటలు. వేలానికి ఇచ్చేముందు పాత సెల్లోటేపు పీకకండి, దాంతోపాటు అచ్చు లేచొస్తుంది. తక్కువ ధర పోస్టరుకి లినెన్ వేయించకండి, ఆ ఖర్చు తిరిగి రాదు. మడతల్లో ఉన్నదాన్ని మడతల్లోనే, రెండు గట్టి అట్టల మధ్య పంపండి. చుట్టి గొట్టంలో కుక్కితే మడతలు కలిసే చోట చీలుతుంది. దాచడానికి మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవరు వాడండి, పీవీసీ వద్దు, అందులోని మెత్తదనం కోసం కలిపే రసాయనం అచ్చుకి అంటుకుంటుంది.

కొన్నది ఇంటికి చేరాక, ప్యాకెట్ విప్పేటప్పుడే ఫొటోలు తీయండి. గొట్టంలో వచ్చిన లినెన్ పోస్టరుని వెంటనే తిరగేసి నొక్కకండి, బల్ల మీద పరిచి ఒక రాత్రి వదిలేస్తే తనంతట తానే సర్దుకుంటుంది. మర్నాడు టేపు, భూతద్దం, పక్క వెలుగు, యూవీ, ఇదే వరుసలో చూసి వేలం వివరాలతో ఒక్కో వాక్యం పోల్చండి. తేడా ఉంటే అమ్మకపు షరతుల్లో ఫిర్యాదుకి ఇచ్చిన గడువు దాటకముందే ఫొటోలతో రాయండి. ఆ గడువు ఎన్ని రోజులో పాట పెట్టకముందే చదివి ఉండాలి.