కూర్చుని చూసుకోండి

అందరికీ నమస్కారం.

తూటాల నుంచి కాపాడే వెస్ట్ (బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్) కోసం కొలతలు ఇచ్చేటప్పుడు మనలో చాలామంది నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాగుతాం. కానీ డ్యూటీలో ఎన్నో గంటలు బండిలోనో కుర్చీలోనో గడుస్తాయి. కూర్చోగానే వెస్ట్ కింది అంచు బెల్టుకు తగిలి పైకి లేస్తుంది, పై అంచు గొంతుకు గుచ్చుకుంటుంది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు లాకర్‌లో పెట్టేస్తాం. ‘నాకు వెస్ట్ పడదండీ’ అని ఎవరైనా అంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. చాలాసార్లు తప్పు కొలతలోనే ఉంటుంది.

అందుకే డ్యూటీ బెల్టు పెట్టుకుని, కూర్చుని చూసుకోండి. నిలబడినప్పుడు వెస్ట్‌కూ బెల్టుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు కనిపిస్తుంది. అది ఉండాల్సిందే. దాన్ని చూసి పొడుగు సైజు అడగకండి. పైన కూడా గొంతు గుంటకు రెండు మూడు వేళ్ల కింద అంచు ఉండాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది పక్కభాగం. చంక కింద నుంచి వచ్చే తూటాకు గుండె, ఊపిరితిత్తులు ఎంతో దూరం కావు. వెస్ట్‌లో తూటాను ఆపే పలకలే ప్యానెళ్లు. ముందు ప్యానెల్ అంచు వెనక ప్యానెల్ మీదికి సుమారు 5 సెంటీమీటర్లు రావాలి. ముందుదే పైన ఉండాలి, ఎదురుగా వచ్చేదానికి సందు దొరకకుండా. ఒళ్లు పెరిగితే ముందు పోయేది ఈ 5 సెంటీమీటర్లే. పట్టీలు వదులు చేస్తే వెస్ట్ పడుతుంది గానీ, పక్కన కవర్ చేయడానికి ప్యానెల్ ఉండదు. అప్పుడు కొత్త కొలతలు ఇవ్వాల్సిందే.

మహిళా సిబ్బందికి మగవాళ్ల వెస్ట్‌లో పెద్ద సైజు ఇచ్చి సరిపెట్టడం అన్యాయం. చదునైన ప్యానెల్ ఛాతీ మీద గుడారంలా లేచి, చంకల దగ్గర ఖాళీ వదిలేస్తుంది. వాళ్ల ఒంటికి తగ్గట్టు మలిచిన ప్యానెల్ అడగండి, వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐజే (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్) ప్రమాణం ప్రకారం, వెస్ట్‌ను పరీక్షించేటప్పుడు దాని వెనక ఒంటికి బదులు మెత్తని మట్టి పెడతారు; తూటా ఆగినా ఆ మట్టిలో 44 మిల్లీమీటర్ల లోతు గుంట దాకా అనుమతిస్తారు. అంటే ఆగిన తూటా కూడా గట్టి దెబ్బే. పైగా మరీ అంచున తగిలితే ఆగుతుందన్న నమ్మకం లేదు. ప్యానెల్ సరైన చోట కూర్చోవాలని ఇంతగా చెప్పేది ఇందుకే.

ఇప్పుడు వెస్ట్‌లు వేసుకుని కుర్చీల్లో కూర్చోండి. తుపాకీ గురిపెట్టినట్టు చేతులు చాపండి. పక్కనున్నవాళ్లు మీ చంక కింద చూసి, ఏం కనిపిస్తోందో చెప్తారు.