ఇరుక్కున్న వల విడిపించడానికి ఈ సేఫ్టీ కిట్ పనికొస్తుందా?

అందరికీ నమస్తే. వెనకాల కనిపిస్తున్నది సోమశిల దగ్గర కృష్ణ, శ్రీశైలం బ్యాక్‌వాటర్. గాలి చప్పుడు ఎక్కువుంది, కొంచెం సర్దుకోండి.

నా ముందున్నది స్పియర్‌ఫిషింగ్, అంటే నీళ్లలో మునిగి ఈటెతో చేపలు పట్టడం, చేసేవాళ్ల సేఫ్టీ కిట్. ఈటె తుపాకీ ఇందులో లేదు, కామెంట్లలో అడగొద్దు. ఒక ఫ్లోట్, దానికి కట్టే తాడు, కత్తి, సీసం గుండ్ల బెల్టు. సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ల కోసం చేసిన సామాన్లు. మరి మనకెందుకంటారా? ఈ నీళ్ల కింద మునిగిపోయిన ఊళ్ల గోడలున్నాయి, చెట్ల మొద్దులున్నాయి. వల వాటికి పట్టుకుంటే పుట్టిలోంచి ఎవరో ఒకరు దిగుతారు, అదీ ఉత్త చేతులతో.

ముందు కత్తి. పెట్టె మొత్తంలో నాకు నచ్చింది ఇదే. తంగూసు వల నీళ్లలో చేపకే కనపడదు, మనకేం కనపడుతుంది? కాలికి చుట్టుకున్నాక గుంజేకొద్దీ బిగుస్తుంది. ఈ కత్తికి ఒక పక్క రంపం పళ్లున్నాయి, అవి తాడు కోయడానికి. వీపు మీద ఈ కొక్కెం చూడండి, పదునంతా లోపలి వైపే. తంగూసును ఇందులో ఇరికించి ఇట్లా లాగితే... తెగింది. మొన మొద్దుగా ఉందని తక్కువ చేయకండి. కంగారులో మన తొడకే గుచ్చుకోకుండా అట్లా చేశారు. పిక్కకు బయటి వైపు కడితే పిడి వలకు తగులుకుంటుంది, లోపలి వైపు కట్టుకోండి. ఏ చేత్తో తీసినా రావాలి.

తాడు 20 మీటర్లు, నీళ్ల మీద తేలే రకం. నైలాన్ తాడైతే మునిగి కాళ్లకు అడ్డం పడుతుంది. కానీ 20 మీటర్లు సరిపోతాయా? శ్రీశైలం నిండితే 885 అడుగులు అంటారు, అది సముద్ర మట్టం నుంచి లెక్క, ఇక్కడి లోతు కాదు. ఎండాకాలం అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, వానలు పడ్డాక అదే గుడి మీదుగా పడవలు పోతాయి. అందుకని దిగే చోట రాయి కట్టి లోతు చూసి, తాడు అంతకంటే పొడుగ్గా ఉంచుకోండి.

ఇక బెల్టు. సముద్రంలో వాళ్లు వేసుకునే రబ్బరు సూట్ మనిషిని పైకి తేలుస్తుంది, దాన్ని అణచడానికే ఆ గుండ్లు. మనం లుంగీ, నిక్కరు మీద దిగేవాళ్లం. గుండ్లు కట్టుకుంటే కోరి మునిగినట్టే! అవి తీసేసి ఉత్త బెల్టుకు తాడు తగిలించండి. బకిల్ ఒక్క గుంజుకు ఊడాలి. తాడు చిక్కుపడితే బెల్టు వదిలేసి పైకి రావచ్చు. మనిషి స్పృహ తప్పితే పైనున్నవాళ్లు లాగచ్చు.

ఫ్లోట్ డబ్బు దండగ. దాని మీది ఎర్ర జెండా, ఐమూలగా తెల్ల గీత చూసి కింద మనిషున్నాడని ఇక్కడి లాంచీల వాళ్లకు తెలుస్తుందా? మూత గట్టిగా పట్టే నూనె డబ్బాకు నారింజ రంగు వేయండి, చాలు.

పెట్టెలో రానిది ఒకటుంది: పైన కాపలా. ఒకరు దిగితే ఒకరు పైనే ఉండాలి, ఇద్దరూ ఒకేసారి దిగొద్దు. దిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదిలే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, అది మానాలి అన్నా. దాంతో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి కావాలని మనకు చెప్పేది అదే. ఆ హెచ్చరిక ఆలస్యమైతే ఏ బాధా తెలియకుండానే, చాలాసార్లు పైకి వచ్చే దారిలో, స్పృహ పోతుంది. తల బయటపెట్టాక కూడా పడిపోవచ్చు, అందుకే పైకొచ్చిన మనిషిని ఇంకో 30 సెకన్లు కనిపెట్టి ఉండాలి. పుట్టిలో ఉన్నతను ఫోన్ చూస్తూ కూర్చుంటే తాడు ఉన్నా లేనట్టే.

వరద నీళ్లు ఎర్రగా వస్తున్నప్పుడైతే ఏ కిట్ ఉన్నా దిగొద్దు. ఆ ముక్క వల కోసి వదిలేయండి.

నా లెక్కలో కిట్ మొత్తం కొనక్కర్లేదు. కత్తి విడిగా దొరుకుతుంది, తేలే తాడు మీ ఊరి హార్డ్‌వేర్ షాపులో అడగండి. కొనేముందు ఒక ముక్క బకెట్‌లో వేసి చూపించమనండి.