క్లాసిక్ 350కి కంపెనీ ఆయిలా, బయటి ఆయిలా?

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ మోటుల్ 7100 ఇంజిన్ ఆయిల్ క్యాన్‌ను ఒక పంపిణీదారు ఉచితంగా పంపారు. దీనికోసం నేను డబ్బు తీసుకోలేదు, ఏం చెప్పాలో వారు నాకు చెప్పనూ లేదు. నా పాత 346 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో ఇది ఎలా పనిచేసిందో నేరుగా చెబుతాను. దీనికి ముందు వాడింది రాయల్ ఎన్‌ఫీల్డ్ సొంత బ్రాండు లిక్విడ్ గన్. రెండూ 15డబ్ల్యూ50 గ్రేడువే, అంటే చిక్కదనం చలిలో 15, వేడిలో 50 స్థాయిలో ఉంటుంది. కంపెనీది సెమీ సింథటిక్ (మామూలు ఖనిజ నూనె, సింథటిక్ నూనె కలిసినది), ఈ మోటుల్ ఫుల్ సింథటిక్.

ఆయిల్ మంచిచెడ్డలను నేను గేర్ల దగ్గరే చూస్తాను. మన బండిలో ఇంజిన్‌ను, క్లచ్ ప్లేట్లను, గేర్లను తడిపేది ఒకే ఆయిల్. వేడిలోనూ చిక్కదనం నిలబడటానికి అందులో కలిపే పాలిమర్లు గేరు పళ్ల మధ్య నలిగి తెగిపోతూ ఉంటాయి కనుక, కొత్తలో 50 గ్రేడుగా ఉన్న ఆయిల్ వాడేకొద్దీ పలచబడుతుంది. ఆ మార్పు ముందుగా తెలిసేది ఎడమ పాదానికే. ఒకటి నుంచి రెండో గేరు వేసేటప్పుడు ‘టక్’మని పడాల్సింది ‘ఖడక్’మంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు న్యూట్రల్ ఒక పట్టాన దొరకదు. కంపెనీ ఆయిల్‌తోనూ గేర్లు చక్కగానే పడ్డాయి, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఈ ఆయిల్ పోశాక మే నెల ఎండలో, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంజిన్ కాగిపోతున్నా గేరు మెత్తగా పడటం, ఆ మెత్తదనం చాలాకాలం అలాగే నిలవడం నాకు ఎంతో నచ్చింది.

క్యాన్ వెనుక ఉన్న ఈ చిన్న పెట్టెను దగ్గరగా చూపిస్తాను. పైన ఒక కోడ్, దాని కింద ఎంఏ2 అని ఉంది. ఇది జపాన్‌వారి జాసో ప్రమాణం. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండే బండ్లకు ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. ఇంధనం ఆదా చేసే కారు ఆయిళ్లలో రాపిడిని తగ్గించే పదార్థాలు కలుపుతారు కాబట్టి, వాటిని బైకులో పోస్తే క్లచ్ జారి, ఇంజిన్ రొద పెరుగుతుందే కానీ బండి వేగం అందుకోదు. యాక్టివా వంటి స్కూటర్లలో క్లచ్ ఇలా ఆయిల్‌లో మునిగి ఉండదు కనుక వాటికి రాపిడి తక్కువగా ఉండే ఎంబీ రకం సరిపోతుంది. ఇంత ముఖ్యమైన గుర్తును వెనకవైపు చీమతలకాయంత అచ్చువేసి, ముందువైపు ‘సింథటిక్’ అని అరచేయంత అక్షరాలు వేయడం నాకు ససేమిరా నచ్చదు.

అంతకన్నా చిరాకు కలిగించేది సర్వీస్ సెంటర్లలో డ్రమ్ములోంచి పోసే ఆయిల్. ఇంతకుముందు నాకు పల్సర్ 150 ఉండేది. దానికి 20డబ్ల్యూ50 ఆయిల్ పోయాలి. నేను వెళ్లే సర్వీస్ సెంటర్‌లో కొలత పాత్రతో డ్రమ్ములోంచి తీసి పోసేవారు, బిల్లులో ‘కంపెనీ ఆయిల్’ అని రాసేవారు. అది ఏ గ్రేడో, ఎన్నాళ్లుగా తెరిచి ఉందో అడిగితే సూటిగా సమాధానం వచ్చేది కాదు. కంపెనీ పేరు మీద నమ్మకంతో డబ్బు కట్టే మనిషికి ఆ పేరున్న క్యాన్‌నైనా చూపించాలి కదా! మీరు ఏ బ్రాండు ఎంచుకున్నా, సీలున్న క్యాన్‌ను మీ ఎదుటే తెరిపించండి, పోశాక ఖాళీ క్యాన్‌కు మీరే రంధ్రం చేయండి. లేకపోతే అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవారు ఉన్నారు.

వారంటీలో ఉన్న బండికి కంపెనీ ఆయిలే పోయించి బిల్లు దాచుకోండి, అక్కడ వాదన అనవసరం. వారంటీ దాటిన బండికి మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, ఏపీఐ స్థాయి (ఆయిల్ నాణ్యతకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన కొలమానం), జాసో ముద్ర మూడూ కలిస్తే బయటి ఆయిల్ నిశ్చింతగా వాడవచ్చు. క్లాసిక్ లాంటి నెమ్మది ఇంజిన్‌కు సెమీ సింథటిక్ చాలు, ఫుల్ సింథటిక్ ధర ఎక్కువే. అయినా ఆ గేరు పడే తీరు కోసం, ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు నా డబ్బుతో 7100నే కొంటాను.