మా కండక్టర్ బాబాయి

అందరికీ నమస్కారం అండి. ఇందాక తమ్ముడు నా చెవిలో చెప్పాడు, అన్నయ్యా రెండు ముక్కలు మాట్లాడు, ఏడిస్తే మాత్రం భోజనాలు లేటైపోతాయి అని. అందుకని ఏడవను. పిన్నీ, నువ్వు కూడా ఏడవకు.

బాబాయి అమలాపురం డిపోలో కండక్టరు అని మీ అందరికీ తెలుసు, ఇక్కడున్నోళ్ళలో సగం మంది ఆయన దగ్గర టికెట్ తీసుకున్నోళ్ళే, టికెట్ వెనకాల రాసిన చిల్లర కోసం ఆయనతో గొడవపడినోళ్ళు కూడా ఉండే ఉంటారు. దేవుడు లాంటి మనిషి అని నేను చెప్పను, చెబితే ఆయనే నవ్వుతాడు. కోపం ఎక్కువ, ఖర్చు పెట్టాలంటే ప్రాణం పోయేది, ఫ్యాన్ తిరుగుతుంటే గదిలో ఎవరున్నారో చూసి మరీ కట్టేసేవాడు.

మా నాన్న పోయేటప్పటికి నేను నాలుగో తరగతి. అక్క, నేను, చెల్లి. కార్యం అయిపోయి చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక బాబాయి మా అమ్మతో "వదినా, ఇకనుంచి బియ్యం ఒకేచోట కొందాం" అన్నాడట. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదంట.

ఇప్పుడు చెప్పేది అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అంతర్వేది తీర్థానికి ఏటా అందరం బాబాయి బస్సులోనే వెళ్ళేవాళ్ళం కదా, పిన్నికీ వాళ్ళ పిల్లలిద్దరికీ పాసు, మాకేమో టికెట్లు. అందరి ముందూ నాకు, అక్కకి, చెల్లికి మూడు హాఫ్ టికెట్లు కొట్టి చేతిలో పెట్టేవాడు. నాకు ఎంత మండేదో! సొంత పిల్లలకి పాసు, మాకు టికెట్టా అని తీర్థంలో జీళ్ళు కొనిపెట్టినా తినేవాణ్ణి కాదు. చాలా ఏళ్ళ తర్వాత డిపోలో ఆయన ఫ్రెండ్ చెబితే తెలిసింది, పాసులో అన్న పిల్లలు రారు, ఆర్టీసీ లెక్కలో మేం ఫ్యామిలీ కాదు. కండక్టర్లు డ్యూటీ ఎక్కేముందే జేబులో సొంత డబ్బులు ఎంతున్నాయో రాయాలి, బాబాయి ఆ రోజు మా టికెట్ల డబ్బులు కూడా కలిపి రాసుకుని బయల్దేరేవాడట.

1996 నవంబర్ 6 తుఫాను సంగతి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి బాబాయి డిపోలో ఇరుక్కుపోయాడు, మేం ముమ్మిడివరం దగ్గర ఇంట్లో, పెంకులు ఎగిరిపోతుంటే పక్కింటి డాబాలోకి పరిగెత్తాం. మర్నాడు బస్సుల్లేవు, రోడ్డు నిండా కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు. వాటిమీంచి ఎక్కి దిగుతూ అమలాపురం నుంచి నడిచొచ్చాడు మహానుభావుడు. మోకాళ్ళ దాకా బురద. మమ్మల్ని చూసి పలకరించలేదు, బస్సులో జనాన్ని లెక్కపెట్టినట్టు వేలు చూపిస్తూ మామ్మ దగ్గర మొదలుపెట్టి చెల్లి దాకా లెక్కపెట్టి, "ఎనిమిది" అన్నాడు. అప్పుడు అడిగాడు మంచినీళ్ళు.

నన్ను కాకినాడలో ఇంజనీరింగ్‌లో చేర్చినప్పుడు యానాం బ్రిడ్జి ఇంకా అవ్వలేదు, ఎదుర్లంకలో పంటు ఎక్కాలి. సొసైటీ లోను పెట్టి తెచ్చిన ఫీజు డబ్బులు చొక్కా లోపల పెట్టుకుని, గోదారి దాటేదాకా గుండె మీంచి చెయ్యి తియ్యలేదు. నేనేమో పక్కన పెద్ద హీరోలా నిలబడి గాలి పీలుస్తున్నా. థాంక్స్ కూడా చెప్పలేదండి ఆ రోజు, తర్వాత కూడా చెప్పినట్టు గుర్తులేదు, మన ఇళ్ళల్లో అలాంటివి ఎవరు చెబుతారులే అనుకున్నా.

2015లో రిటైరయ్యాడు. 2020లో ఆర్టీసీ వాళ్ళని గవర్నమెంటులో కలిపితే "నేను దిగిపోయాక బస్సు ఏసీ అయిందిరా" అని నవ్వాడు. హైదరాబాద్ రమ్మంటే మాత్రం వచ్చేవాడు కాదు, మూడో రోజుకే ఇంటిమీద బెంగ.

మొన్న నిద్రలో పోయే ముందు రాత్రి కూడా ఫోన్ చేసి "ఎవరెవరు ఎప్పుడొస్తున్నారు సంక్రాంతికి?" అని అడిగాడు. నేను సరిగ్గా చెప్పలేదు, మీటింగులో ఉన్నా బాబాయ్ రేపు చెబుతా అన్నాను.

సరేనండి, భోజనాలు రెడీ అంటున్నారు. పెద్దవాళ్ళు ముందు కూర్చోండి. తర్వాత యానాం, కాకినాడ వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి, కారులో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి.