పట్టాల మీద రొట్టెలు: పేదల వార్తలో కెమెరా ఎక్కడ ఆగిపోతోంది?

సంధానకర్త: కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, 2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కర్మాడ్ దగ్గర గూడ్స్ బండి కింద పడి 16 మంది వలస కూలీలు చనిపోయారు. పట్టాల మీద చెల్లాచెదురైన రొట్టెలను దేశమంతా చూసింది. మేడమ్, చూసినవాళ్లకు ఏం అర్థమైంది?

జర్నలిజం అధ్యాపకురాలు: కొందరు ‘అయ్యో పాపం’ అన్నారు, కొందరు ‘పట్టాల మీద ఎవరు పడుకోమన్నారు’ అన్నారు. రెండు మాటలూ ఆ ఒక్క ఫ్రేములోంచే వచ్చాయి. వాళ్లు జాల్నాలో ఉక్కు ఫ్యాక్టరీ కూలీలు. మధ్యప్రదేశ్ వెళ్లే రైలు దొరుకుతుందని భుసావల్ వైపు రాత్రంతా నడిచారు. రైళ్లు తిరగడం లేదు కదా అని అలసిపోయి అక్కడే నడుం వాల్చారు. పని ఎందుకు ఆగింది, ఇల్లు చేరే దారి ఎందుకు లేదు అన్నది రొట్టెల ఫొటోలో ఎలా కనపడుతుంది?

వీడియో ఎడిటర్: ప్యాకేజీ, అంటే టీవీ వార్తా కథనం, తొంభై సెకన్లనుకోండి. ఏడుపు బైట్, అంటే ఏడుస్తూ మాట్లాడిన ముక్క, రెడీగా ఉంటుంది. కాంట్రాక్టర్ దొరకడు, అధికారి ఫోనెత్తరు, బులెటిన్ టైమ్ అయిపోతుంది. ఇక ఆ ఏడుపునే క్లోజప్‌లో మూడుసార్లు తిప్పి, కింద విషాద సంగీతం వేస్తారు. యజమాని ముఖం ఒక్క సెకను కూడా ఉండదు.

అధ్యాపకురాలు: దీని ఫలితాన్ని మీడియా పరిశోధకుడు శాంతో అయ్యంగార్ అమెరికా టీవీ వార్తల మీద ప్రయోగాలు చేసి 1991లో ప్రచురించారు. ఒక్క మనిషి కష్టమే చూపిస్తే, పేదరికానికి ఆ మనిషే కారణమని ప్రేక్షకులు అనుకోవడం ఎక్కువ. దేశంలో పరిస్థితిగా చూపిస్తే సమాజాన్నీ ప్రభుత్వాన్నీ అడుగుతారు. జాలి పుట్టించే కథనం కూడా నిందకు దారి తీయొచ్చన్నమాట. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

జిల్లా విలేకరి: కంది ఊరినే తీసుకోండి సార్. 2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా ఐఐటీ నిర్మాణ స్థలంలో కూలీలు జీతాలివ్వండి, ఇళ్లకు పంపండి అని రోడ్డెక్కారు. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. ‘పోలీసులపై కూలీల దాడి’ అని స్క్రోలింగ్ వేస్తే అబద్ధం కాదు, కానీ జీతం మాట ఎగిరిపోతుంది. రెండు రోజులకే, మే 1న, వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దాదాపు 1,200 మందితో కదిలింది.

సంధానకర్త: మరి అక్కడికి వెళ్లిన విలేకరి ఏం అడగాలి?

విలేకరి: ‘ఎలా ఉంది’ అని అడిగితే ఏడుపే వస్తుంది. ఎవరు తీసుకొచ్చారు, రోజు కూలి ఎంత మాట్లాడుకున్నారు, ఆఖరిసారి డబ్బులు ఏ తారీఖున ఇచ్చారు అని అడగాలి. తర్వాత పాస్‌బుక్ చూపించమనాలి. 2020లో అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరే ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. కూలి రేటు, తిరుగు ప్రయాణం ఛార్జీ అందులో రాయాల్సి ఉండేది.

సంధానకర్త: పాస్‌బుక్ లేదని కూలీ అంటే?

విలేకరి: లేదన్నదే వార్త సార్. ఉంటే కూలి గడి మీదికి జూమ్ చేయాలి. లేకపోతే ఆ మాటే బైట్‌గా పెట్టి, వెంటనే సైట్ గేటు దగ్గర కాంట్రాక్టర్ పేరున్న బోర్డు చూపించాలి.

ఎడిటర్: ఆ బోర్డు పేరు చదివేంతసేపు ఉంచాలి, నాలుగు సెకన్లైనా.