ఖాళీ కావాల్సిన సింహాల ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్నగారు విజయనగరంలో సర్కస్‌కి తీసుకెళ్ళారు. జోకర్లు గుర్తులేరు. ఊయలల మీద ఎగిరినవాళ్ళూ గుర్తులేరు. గుర్తున్నది ఒక్కటే, ఎర్ర స్టూలు మీద కూర్చున్న సింహం. రింగ్ మాస్టర్ కొరడా ఎత్తగానే అది చెవులు వెనక్కి వంచి కళ్ళు చిట్లించింది. మేమంతా చప్పట్లు కొట్టాం. కర్ర చూడగానే అచ్చం అలాగే చెవులు వంచే కుక్కని మా వీధిలో రోజూ చూసేవాణ్ణి. ఆ రెండూ ఒకే భయమని అప్పుడు తోచలేదు.

ఆ సింహాలు తర్వాత ఏమయ్యాయి? ఇవాళ అదే చెబుతాను.

1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఈ ఐదింటితో ఆటలాడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2000 జూన్‌లో కేరళ హైకోర్టు నిషేధం సరైనదేనంది. మనుషులకు ప్రాథమిక హక్కులుంటే జంతువులకు ఎందుకుండకూడదని ఆ తీర్పులోనే అడిగింది. మరుసటి ఏడాది మేలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది.

బాగానే ఉంది. కానీ తీర్పు వచ్చిన మర్నాడు కూడా సింహానికి ఆకలేస్తుంది. ఎక్కడుంచాలి? ఎవరు మేపాలి? అందుకే కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు కట్టించింది. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్ట, చెన్నై దగ్గర వండలూరు, భోపాల్, జైపూర్, ఇంకా మన విశాఖపట్నం, తిరుపతి. విశాఖలో కంబాలకొండ పక్కన జూకి వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఆ జూ ఆధ్వర్యంలోనే సర్కస్ సింహాలకీ పులులకీ ఒక కేంద్రం ఉందని మాత్రం ఎక్కువమందికి తెలియదు. తెలియకపోవడం సహజమే, అక్కడికి సందర్శకుల్ని రానివ్వరు. జీవితమంతా జనం కళ్ళ ముందు బతికిన జంతువుకి ఎవరూ చూడని చోటు దొరికింది. నాకు అది చాలా నచ్చింది.

సరే, అడవిలో వదిలేయొచ్చు కదా అని అడుగుతారు. వదలలేం. బోనులో పుట్టిన సింహానికి వేట రాదు. మనిషిని చూస్తే అడవి సింహంలా తప్పుకోదు, తిండి పెడతాడని ఎదురొస్తుంది. కొన్నింటికి గోళ్ళు తీయించేశారు. గోరు తీయడమంటే మన గోరు కత్తిరించినట్టు కాదు, వేలి చివరి ఎముకే తీసేస్తారు. కొన్నింటికి పళ్ళు విరిగి ఉంటాయి. ఏళ్ళ తరబడి ఇరుకు బోనులో ఉన్న జంతువు విశాలమైన ఆవరణలోకి వచ్చాక కూడా ఆ నాలుగడుగులే అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఎదురుగా బోలెడంత నేల ఉన్నా సరే, ఆ నాలుగడుగులే.

ఇంకో కారణం ఉంది, నేను అసలు చెప్పాలనుకున్నది అదే. మన దేశపు సింహానికి అడవుల్లో మిగిలిన చోటు గుజరాత్‌లోని గిర్ ప్రాంతం ఒక్కటే. దాని పొట్ట కింద వేలాడే చర్మం మడత ఉంటుంది, మగదానికి జూలు పలచగా ఉండి చెవులు కనిపిస్తాయి. ఆఫ్రికా సింహానికి జూలు దట్టం. సర్కసుల్లో ఈ రెంటినీ కలిపేశారు. పుట్టిన పిల్లలు అటూ కావు, ఇటూ కావు. వాటిని గిర్‌లో వదిలితే అక్కడి అసలు సింహాల సంతతి కూడా కలిసిపోతుంది. చండీగఢ్ దగ్గర ఛత్‌బీర్ జూలో ఇలాంటి సర్కస్ సింహాలతోనే సంతతి పెంచారు. సంఖ్య బాగా పెరిగింది. ఆ తర్వాత రోగాలు మొదలయ్యాయి. గాయాలు మానేవి కావు, ఒంట్లో తట్టుకునే శక్తి లేదు. చివరికి మగవాటికి ఆపరేషన్లు చేసి సంతతి ఆపేశారు.

అందుకే పునరావాస కేంద్రాల్లో పిల్లలు పుట్టనివ్వరు. ఉన్నవాటికి మాంసం పెడతారు, వైద్యం చేస్తారు, ముసలితనంలో చూసుకుంటారు. ఒక్కొక్కటీ పోతున్నకొద్దీ గదులు ఖాళీ అవుతాయి. "కేంద్రంలో మరో సింహం మృతి" అని పేపర్లో చదివితే మనకి బాధేస్తుంది. నాకూ వేస్తుంది. కానీ ముసలిదై పోయిందంటే, కొరడా లేకుండా ఆఖరి ఏళ్ళు గడిపి పోయిందని. ఆ ఇల్లు కట్టిందే ఖాళీ కావడానికి.

ఇప్పుడు మీకు పనికొచ్చే ఒక్క మాట. మనవాళ్ళు థాయ్‌లాండ్ వెళ్ళి పులి పక్కన కూర్చుని ఫోటోలు తీయించుకుంటున్నారు. అక్కడ కాంచనబురిలో ఒక గుడి పులుల ఆశ్రయమని పేరు పొందింది. పులి పిల్లకి పాలు పట్టడానికి టికెట్టు. 2016లో అధికారులు వెళ్ళి 137 పులుల్ని తరలించారు. ఫ్రీజర్‌లో 40 చనిపోయిన కూనలు దొరికాయి.

కాబట్టి ఎక్కడికెళ్ళినా, బోర్డు మీద ఆశ్రయం అని రాసున్నా, సాంక్చువరీ అని రాసున్నా, లోపలికి వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగండి. ఇక్కడ పిల్లలు పుడతాయా? పుట్టనివ్వం అంటే లోపలికి వెళ్ళండి. పుడతాయి, ఎత్తుకుంటారా అని అడిగితే, మీ పిల్లలు ఎంత మారాం చేసినా సరే, టికెట్టు కొనకుండా వెనక్కి వచ్చేయండి.

నమస్కారం.